దించని కావడి

ఆ ఏడు ఉరుసులో ఇలియాస్‌కు నీళ్ల పెత్తనం దక్కింది. దక్కిన పూట నుంచే అతని నడక మారిపోయింది.

కొండమీది దర్గాకు ఉరుసు నీళ్లు కింది బావి నుంచి కావళ్ల మీద రావాలి. వాటిలో గంధం కలిపే నీళ్ల కావడిని దారిలో నేలకు దించకూడదని ఆనవాయితీ. ఇలియాస్ ఆ కట్టుబాటును వంటనీళ్లకు కూడా పెట్టేశాడు. ఎవరూ అడగలేదు, భక్తి ఎక్కువై అతనే పెట్టాడు.

వంటనీళ్ల కావడి మోసేవాళ్లలో పెద్దవాడు దస్తగిరి. ఆ పొద్దున ఇలియాస్ దగ్గరికొచ్చి తల గోక్కున్నాడు.

"సగం మెట్లకాడ ఒక్క తూరి దించుకుంటా సాబ్. రొమ్ము పట్టేస్తాంది. నొప్పి దవడలోకి ఎక్కుతాంది. కూసుంటే పోతాది."

"నీ గుండె తల్లి కడుపులోనే కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంతవరకు ఒక్క తూరన్నా కూసుందా? మరి నీకేమొచ్చింది?"

దస్తగిరి ఖాళీ కావడి భుజానికెత్తుకుని మెట్లు దిగిపోయాడు.

తన మాట తనకే తెగ నచ్చింది ఇలియాస్‌కు. దర్గా గురువు హజ్రత్‌కు చెప్పకుండా ఉండలేకపోయాడు. హజ్రత్ ఈ కొండెక్కి దర్గాలో చేరకముందు పట్నంలో డాక్టరు. అప్పుడాయన మొక్కుల పొట్టేళ్లు కోసేచోట నిలబడి ఉన్నారు.

అంతా విని ఆయన నవ్వలేదు. తట్టలోంచి ఒక గుండె తీసి ఇలియాస్ చేతిలో పెట్టారు.

"ఇది దేంతో బతికింది?"

"రక్తంతో, హజ్రత్. లోపల నిండా అదే కదా."

"లోపలిది ఒళ్లంతటికీ పంచేది. దీని కండకు కావలసింది ఈ దారినే రావాలి."

గుండె పైన పాకిన సన్నటి నాళాన్ని ఆయన వేలితో చూపించారు. ఇలియాస్ వంగి చూశాడు. అది మూరెడు పూలకు కట్టే దారమంత ఉంది.

"చెయ్యి కడుక్కో. ఇప్పుడు పిడికిలి బిగించు. ఇంకా గట్టిగా. ఊఁ, తెరువు."

అరచెయ్యి తెల్లగా పాలిపోయి ఉంది. చూస్తుండగానే ఎరుపు తిరిగొచ్చింది.

"రక్తం ఎప్పుడొచ్చింది?"

"వదిలినాక."

"గుండె కూడా అంతే. బిగించి అందరికీ పెడుతుంది, వదిలినప్పుడు తను తింటుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య కూర్చుంటుంది ఇలియాస్. నీకు కనబడలేదు." ఆయన గొంతు తగ్గింది. "దస్తగిరికి ఆ దారి పూడుకుపోతున్నట్టుంది. ఎక్కడున్నాడు?"

ఇలియాస్ మెట్ల వైపు తిరిగాడు. "కావడితో... మెట్ల మీద."

హజ్రత్ జుబ్బా జేబులోంచి చిన్న సీసా తీసి, ఒక మాత్ర అతని చేతిలో పెట్టారు. "కూర్చోబెట్టి నాలుక కింద పెట్టు. కింద జీపు వాళ్లకు నేను ఫోన్ చేస్తా." ఆ మాత్రలు ఆయన జేబులో ఎందుకున్నాయో అడగాలని కూడా ఇలియాస్‌కు తోచలేదు. చెప్పులు వదిలేసి పరుగెత్తాడు.

సగం మెట్ల దగ్గర దస్తగిరి బండకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొహం బూడిద రంగులో ఉంది, చెమటకు చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కావడి ఇంకా భుజం మీదే ఉంది.

ఇలియాస్‌ను చూడగానే బెదిరి, నడుము నిటారు చేయబోయాడు.

"దించలేదు సాబ్. నిలబడినానంతే."

ఇలియాస్‌కు తన మీద తనకే భయమేసింది. కావడి అందుకుని మెట్టు మీద పెట్టాడు. దస్తగిరిని పక్కన కూర్చోబెట్టి నాలుక కింద మాత్ర పెట్టాడు. కింది నుంచి జీపు మనుషులు ఎక్కివస్తున్నారు.

దస్తగిరి కళ్లు మాత్రం కావడి మీదే ఉన్నాయి.

"నేల తగిలింది సాబ్," అన్నాడు మెల్లగా.

"తగలనీ మామా."