చెరువు పైనే ఎందుకు గడ్డకడుతుంది?

ఒకప్పుడు చెరువులు అడుగునుంచి గడ్డకట్టేవి. మీరు నమ్మరు, నాకు తెలుసు. చలికొండ మీది చెరువూ అంతే. చలి వచ్చి అడుగు బురదలో కూర్చునేది. అక్కణ్ణించి పైపైకి గడ్డ కట్టుకుంటూ వచ్చేది.

మరి చేపలో? చలి వస్తోందనగానే కొండమీది ఊరివాళ్లు కుండలు పట్టుకొచ్చేవాళ్లు. ఇంటికో కుండెడు చేపలు. ఎండలు వచ్చేదాకా అవి ఇంటి చుట్టాలే. చుట్టాల్ని ఎవరైనా కూర వండుకుంటారా? అప్పట్లో చేపలకు మాటలొచ్చు. పొయ్యి పక్కన కుండలోంచి ఒకటే కబుర్లు. ఎంత బాగుండేవో ఆ చలికాలాలు.

పైడమ్మవ్వకు నా అన్నవాళ్లు లేరు. ఏడాదంతా ఆ కుండ కోసమే ఎదురుచూసేది. కూర మాడుతోందని చెప్పేది కూడా ఆ వాగుడుకాయలే.

ఒక ఏడాది చలి చెప్పాపెట్టకుండా ముందే వచ్చేసింది. ఊరంతా కొండ దిగి సంతకు పోయింది. మిగిలింది అవ్వ ఒక్కతే. సగం చెరువు అప్పటికే గడ్డ. చేపలన్నీ పైకి చేరి "అవ్వా, అవ్వా" అని గోల పెట్టాయి.

"నానొక్కర్తెనే. ఎంతమందిని మొయ్యగల్నర్రా?" అని ఏడ్చింది అవ్వ. కుండ కోసం ఇంటికి పరుగెత్తింది.

పొయ్యిలో బూడిద కనిపించింది. పొద్దున వంటయ్యాక నిప్పుల మీద తనే కప్పింది. ఆ ఊళ్లో అందరూ అంతే, అగ్గి ఆరనివ్వరు. పుల్లతో కదిపితే కింద నిప్పులు ఎర్రగా ఉన్నాయి. పైన చల్లన, లోపల వెచ్చన. అవ్వ కుండ సంగతి వదిలేసి చెరువుగట్టుకు వచ్చింది.

"సలీ, ఆ బురదలో నీకేటున్నాది? పైకొచ్చి పరుసుకో. గాలీ నీదే, ఆకాశమూ నీదే. కిందది మా పిల్లలకి ఒగ్గీ."

చలికి బురద ఎప్పుడూ నచ్చలేదు. "ముందే చెప్పొచ్చుగా ముసలమ్మా" అంటూ పైకి లేచింది. అడుగున గడ్డ కరిగిపోయింది.

చెరువు మాత్రం మెల్లగా అడిగింది. "ఇక ఇవి నీ ఇంటికి రావవ్వా. రావలసిన పనే ఉండదు. ఆలోచించుకున్నావా?"

అవ్వ వెనక్కి తిరిగి తన ఇంటివైపు చూసింది. ఆ చూపు తలుచుకుంటే నాకిప్పటికీ దిగులే.

"బతకనీ తల్లీ" అంది చివరికి.

అప్పటినుంచే చెరువు పైనే గడ్డకడుతుంది, కింద నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. చేపలు చలికాలమంతా అక్కడే ఉండిపోతాయి. మనతో కబుర్లు లేక మాటలు మరిచిపోయాయి. నోరు మాత్రం ఇప్పటికీ తెరుస్తూ మూస్తూనే ఉంటాయి.