నీలివాడలో చివరి ఇల్లు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున మణిసాల అనే రాజధాని. పడమటి కోటగుమ్మం దాటితే, నీళ్ళ పక్కనే ఒక చిన్న వాడ. దాని పేరు నీలివాడ.

పేరు వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ రోజుల్లో అటు వెళ్ళేవాళ్ళు ముక్కు మూసుకునే వెళ్ళేవాళ్ళు. ఆ వాడలో ముప్ఫై ఇళ్ళుంటే, ముప్ఫై ఇళ్ళ పెరళ్ళలోనూ నీలిమందు బానలే. పీకల దాకా నేలలో పాతిన ఆ మట్టిబానల్లో, బట్టలకి నీలం రంగు అద్దడానికి, నీలిమందు, సున్నం, బెల్లం కలిపి పులియబెడతారు. ఆ వాసన భరించలేక కోటలోని గొప్పవాళ్ళు ఆ దిక్కుకి కిటికీలు కూడా పెట్టుకోలేదు.

ఆ వాడలో నాంచారి అని ఒక అద్దకం మనిషి ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఏటి వైపు చివరి ఇంట్లో అద్దెకుండేది. ఒక గది, ఒక వసారా, పెరట్లో బాన. అంతే ఇల్లు. ఆమె పుట్టింది అక్కడే. వాళ్ళమ్మ కాపురం చేసింది అక్కడే. అమ్మమ్మ ఆ బానని పాతించింది అక్కడే.

బాన అంటే వట్టి కుండే కదా అనుకునేరు! అది ప్రాణమున్న వస్తువు. దానికి రోజూ మేత వెయ్యాలి. చలికాలంలో వెచ్చగా కప్పాలి. నొప్పి తగలనట్టు మెల్లగా కలపాలి. తెల్లవారగానే నాంచారి ఆ నీళ్ళని నాలిక చివర పెట్టి రుచి చూసేది. ఘాటు తేడాగా ఉంటే, "ఇవాళ అలిగావా తల్లీ?" అని ఇంత బెల్లం వేసేది. మూడు తరాలుగా ఆ బాన ఒక్కనాడూ ఖాళీ అయింది లేదు. తగ్గిన కొద్దీ పోస్తూనే వచ్చారు. దాన్ని పెకలించి ఇంకోచోటికి తీసుకుపోతే బతకదు.

అందుకే నాంచారికి ఒకే ఒక్క కోరిక. ఆ ఇల్లు తనది కావాలి. పట్టుచీర కోరలేదు, వడ్డాణం కోరలేదు. "లే, బయటికి నడు" అని ఎవరూ అనలేని గడప ఒకటి కావాలని కోరింది. పొద్దున తలుపు తీసి ఏటిని చూసినప్పుడల్లా ఆ కోరిక ఇంకాస్త పెరిగేది.

ఇంటి యజమాని పేరిశెట్టి కోటలో నూనె అమ్ముకునే మెత్తని మనిషి. ఒకరోజు నాంచారి ధైర్యం చేసి అడిగింది. "శెట్టిగారూ, ఈ ఇల్లు నాకు అమ్ముతారా?"

శెట్టి నవ్వాడు. "ఆ వాసనలో ఇల్లు నువ్వు తప్ప ఎవరు కొంటారమ్మా! నలభై వరహాలు తెచ్చుకో. తొందరేం లేదులే."

శెట్టి తొందర లేదన్నాడు గానీ, కాలం ఎవరి మాట వింటుంది?

నాంచారి ఆరేళ్ళు కష్టపడింది. ఒంటిపూట తిని నలభై వరహాలు పోగేసింది. సరిగ్గా ఆ ఏడే రాజుగారు ఏటికి ఆవలి ఒడ్డున ఒక విహార మండపం కట్టించారు. రాణిగారు అందులో కూర్చుని ఇటు చూశారు. నీలివాడ ఒడ్డు పొడవునా దండేల మీద నీలి బట్టలు గాలికి ఊగుతున్నాయి. వాటి నీడ ఏట్లో పడి, ఏరు కూడా నీలంగా ఊగుతోంది. "ఇంత అందం మన ఊళ్ళోనే ఉందా!" అన్నారు రాణిగారు.

రాణిగారు మెచ్చిన దాన్ని ఊరు మెచ్చకుండా ఉంటుందా? గొప్పింటి ఆడవాళ్ళు పల్లకీల్లో వచ్చి చూసి వెళ్ళారు. ఆ చూడ్డం ముక్కు మూసుకునే చూశారు, అది వేరే సంగతి. నెల తిరక్కుండా వాడ మొదట్లో రెండు ఇళ్ళు పడగొట్టి ఒక మేడ లేపారు.

నాంచారి డబ్బు మూట తీసుకుని శెట్టి కొట్టుకి వెళ్ళింది. శెట్టి నీళ్ళు నమిలాడు. "అది పాత మాటమ్మా. ఇప్పుడు ఎనభైకి అడుగుతున్నారు."

ఆమె మూట మళ్ళీ కొంగున కట్టుకుంది. ఇంటికొచ్చి బానలో చేతులు ముంచింది. మోచేతుల దాకా నీలం ఎక్కిన చేతులు మరో నాలుగేళ్ళు ఆగకుండా పనిచేశాయి. అమ్మ ఇచ్చిన వెండి కడియాలు కూడా అమ్మేసి, ఎనభై పట్టుకుని రెండోసారి వెళ్ళింది.

అప్పటికి వాడలో పది మేడలు లేచాయి. మేడల వాళ్ళకి బానల వాసన పడక పక్కిళ్ళు కూడా కొని, బానలు పూడ్పించి, వాటి మీద తామరకొలనులు కట్టించుకున్నారు. "రెండు వందలమ్మా," అన్నాడు శెట్టి, ఆమె మొహంలోకి చూడలేక తక్కెడ వైపు చూస్తూ.

మూడోసారి ఆమె వెళ్ళనే లేదు. శెట్టే వచ్చాడు. ఆయన వెనక వజ్రగుప్తుడనే రత్నాల వర్తకుడు కూడా వచ్చాడు. ఇల్లు అయిదు వందలకి అమ్ముడైపోయింది.

వజ్రగుప్తుడు చెడ్డవాడేం కాదు. చక్కగా నవ్వుతూ మాట్లాడాడు. "పౌర్ణమి దాకా ఉండమ్మా, ఏం ఇబ్బంది లేదు. బాన మాత్రం కదపకు, ఇంటితో పాటు కొన్నాను. మా ఆవిడకి నీలం రంగంటే మహా ముచ్చట. మా పనివాళ్ళు అద్దుతారులే."

 నాంచారి బాన పక్కన కూర్చుని, దాని గురించి అన్నీ చెప్పింది. మేత ఎంతో చెప్పింది, సున్నం ఎంతో చెప్పింది. "ముఖ్యంగా ఒక్క మాట బాబూ. బానలోంచి తీసినప్పుడు బట్ట ఆకుపచ్చగా ఉంటుంది. కంగారు పడొద్దు. గాలికి ఆరేస్తే అదే నెమ్మదిగా నీలానికి తిరుగుతుంది. అందాకా ఆగాలి."

"ఆఁ ఆఁ, అలాగే," అన్నాడు వజ్రగుప్తుడు, పైకప్పు ఎప్పుడు పడగొట్టించాలా అని లెక్కలేసుకుంటూ.

పక్కింటి బూచమ్మ కూడా ఆ రోజే సామాను కట్టుకుంటోంది. ఆమెకి ఒళ్ళు మండింది. "పని కిటుకంతా ఎందుకు చెప్పావు వదినా? వాళ్ళ తిప్పలేవో వాళ్ళు పడేవాళ్ళుగా!"

"బాన బతకాలి కదా వదినా," అంది నాంచారి. "నా దగ్గర లేకపోతే మానె, బతికుంటే చాలు."

అలా ముప్ఫై కుటుంబాలూ ఊరవతలి కొండల వెనక్కి వెళ్ళిపోయాయి. అక్కడ ఇళ్ళు చవక. కానీ ఏరు లేదు, రాతినేలలో బాన పాతే వీలూ లేదు. బూచమ్మ లాంటి వాళ్ళు రాయి తొలిచి ఏదో తంటాలు పడుతున్నారు. నాంచారి మాత్రం పొద్దున లేచి అలవాటుగా తలుపు తీసేది. ఎదురుగా కొండ. తలుపు మళ్ళీ వేసేసేది. ఆమె చేతుల మీది నీలం వెలిసిపోయింది, గోళ్ళలో మిగిలింది గోళ్ళతో పాటే పెరిగి పెరిగి, కొసల్లోకి జరిగిపోయింది. ఒకనాడు గోళ్ళు తీసుకుంటే ఆ చివరి నీలం కూడా రాలిపోయింది. వాటిని చూస్తూ ఆమె ఏడ్చింది.

ఇంతలో వసంతోత్సవం వచ్చింది. ఏడు దేశాల రాజులు అతిథులుగా వస్తున్నారు. "మన నీలి ఒడ్డు వాళ్ళకి చూపించాలి," అన్నారు రాజుగారు. "ఏటి పొడవునా నీలి బట్టలు ఆరేయించండి."

మేడల వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వజ్రగుప్తుడు ముందుకొచ్చాడు. "ప్రభూ, మా పెరట్లో మూడు తరాల బాన ఉంది. నాకు వదిలెయ్యండి."

పనివాళ్ళు తెల్లబట్టలు ముంచారు. తీస్తే ఏముంది, ఆకుపచ్చ! వజ్రగుప్తుడు అదిరిపడ్డాడు. "ఆ ముసల్ది నన్ను మోసం చేసింది! మళ్ళీ ముంచండి!" గాలి తగలకుండానే మళ్ళీ ముంచారు. మళ్ళీ ఆకుపచ్చే. సున్నం కుమ్మరించారు. మూడోసారి గెడకర్రలు పెట్టి, మజ్జిగ చిలికినట్టు చిలికారు. సాయంత్రానికి బాన బూడిదరంగుకి తిరిగింది. అది చచ్చిపోయిందని కూడా వాళ్ళకి తెలియలేదు.

ఏడు దేశాల రాజులు మండపంలో కూర్చుని ఇటు చూశారు. తెల్లటి మేడలు, ఉత్త దండేలు. మన రాజుగారి తల వంగిపోయింది.

"ఈ వాడ పేరు నీలివాడ. నీలం ఏది?" అని గద్దించారు.

భటులు పరుగున వెళ్ళి నాంచారిని తీసుకొచ్చారు. వజ్రగుప్తుడు ఇంకా పడగొట్టించని ఆ పాత ఇంటికి రాజుగారు కూడా ఏరు దాటి వచ్చారు. ఆమె ముందు పెరట్లోకి నడిచింది. బాన పక్కన కూర్చుని వేలు ముంచి నాలికకి రాసుకుంది.  తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "పోయింది ప్రభూ," అంది.

"మళ్ళీ ఎన్నాళ్ళకి వస్తుంది?"

"అద్దడానికి నెల చాలు. మా అమ్మమ్మనాటి రంగు రావాలంటే మాత్రం, నేను చూస్తానో చూడనో!"

రాజుగారు మెత్తబడ్డారు. "నీకేం కావాలో అడుగు. కొండల వెనక పదెకరాల తోట ఇస్తాను."

"వద్దు ప్రభూ."

"నీ ఎత్తు బంగారం ఇస్తాను."

"వద్దు ప్రభూ."

"అంతఃపురంలో రాణిగారి దగ్గర కొలువు ఇస్తాను."

"వద్దు ప్రభూ. పొద్దున తలుపు తీస్తే ఏరు కనపడాలి. నాకు ఈ ఇల్లే కావాలి."

"ఇంతేనా! ఇప్పుడే ఇచ్చేస్తాను."

నాంచారి తల అడ్డంగా ఊపింది. "ఊరికే వద్దు. మీరు దానంగా ఇచ్చింది రేపు ఇంకో ప్రభువు వెనక్కి అడగొచ్చు. నేను కొనుక్కుంటాను. అద్దకం మనిషి తన చేతి కష్టంతో తెచ్చుకోగలిగిన ధరకి, ఆ నలభై వరహాలకే ఇప్పించండి. ఒక్క షరతు రాతి మీద చెక్కించి గుమ్మం పైన పెట్టించండి. నేను గానీ, నా తర్వాత ఎవరు గానీ, ఈ ఇంటిని నలభైకి మించి అమ్మకూడదు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా నోరు తెరిచారు. వజ్రగుప్తుడు ఉండబట్టలేక అన్నాడు. "పిచ్చిదానా! అయిదు వందలు పలికే ఇల్లు ఇది. నీకు లాభమేముంది?"

"అమ్ముకునేవాళ్ళకి కదా బాబూ లాభం. నేను ఉండటానికి కొంటున్నాను."

రాజుగారు ఏటికి ఆవల ఉన్న మండపం వైపు చూశారు. "ఆవలి ఒడ్డున మండపం కట్టించాను గానీ, ఈ ఒడ్డున ఎవరు బతుకుతున్నారో చూసుకోలేదు. తప్పు నాదే," అన్నారు. వజ్రగుప్తుడు పెట్టిన డబ్బు ఖజానా నుంచి ఇప్పించారు. నాంచారి అడిగిన రాయి ఒక్కటే కాదు, ముప్ఫై రాళ్ళు చెక్కించారు. మిగతా ఇళ్ళ చోట్లు కూడా ఖజానా డబ్బుతోనే విడిపించి, అదే షరతు మీద అద్దకం వాళ్ళకే అమ్మాలని చాటింపు వేయించారు.

నాంచారి తన ఇంట్లో అడుగుపెట్టి పాలు పొంగించుకుంది. కొత్త బాన పాతింది. తర్వాత చద్ది కట్టుకుని, కొండల వెనక్కి తనే నడిచి వెళ్ళింది.

"వదినా, వచ్చెయ్. నీ ఇల్లు నీకు వస్తోంది," అంది బూచమ్మతో.

బూచమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఏటి వైపున్న దారిని చాలాసేపు చూసింది. "నా బాన మీద తామరకొలను కట్టారట కదా వదినా. ఈ రాతిలో తొలిచింది మొన్ననే రంగు పట్టింది. దీన్ని వదిలి ఇంకోసారి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. నువ్వు సుఖంగా ఉండు."

ముప్ఫై కుటుంబాల్లో పదకొండే తిరిగి వచ్చాయి. ఒడ్డున మళ్ళీ నీలి బట్టలు ఊగాయి, దండేల మధ్య ఖాళీలు మాత్రం అలాగే ఉండిపోయాయి. పక్కింటి గోడ మీంచి ఎవరైనా "వదినా" అని పిలుస్తారేమోనని నాంచారి బతికినన్నాళ్ళూ చెవి ఒగ్గి వింటూనే ఉంది.

కాబట్టి పిల్లలూ, ఒక వాడకి అందం తెచ్చిన వాళ్ళకి ఆ వాడలోనే చోటు మిగల్చాలి. పంపించేశాక పిలిస్తే, అందరూ తిరిగి రారు.