మిద్దెకు ఏం పరచాలి?

ఓబయ్యకు ఆ ఎండాకాలం నిద్ర సరిగ్గా పట్టలేదు. మిద్దెకు మళ్లీ చౌడే పోయాలా, గచ్చు వేయించాలా, బేతంచెర్ల బండలు పరిపించాలా అన్నది ఎంతకీ తేలలేదు. చౌడు చల్లగా ఉంటుందని ఒకరు, బండలైతే మనవళ్ల కాలం దాకా చూడనక్కర్లేదని ఇంకొకరు చెప్పారు.

చౌడంటే గింజ మొలవని ఉప్పునేల మన్ను. పొలంలో ఉంటే రైతును ఏడిపిస్తుంది. అదే మట్టిమిద్దె మీద పోస్తే నీటిచుక్కను దిగనివ్వదు. కర్నూలు పల్లెల్లో వానలకు ముందు ఇంటిల్లిపాదీ దాన్ని తట్టలతో మోసి పోస్తారు. మోసి మెడ వాచినవాడికే దాని విలువ తెలుస్తుంది. సరే, ఆ మాట అలా ఉంచుదాం.

ఓబయ్యా, అన్న నరసింహులూ ఒకప్పుడు ఆ పని కలిసే చేసేవారు. చేనిగట్టు దగ్గర మాటా మాటా పెరిగి ఇంటి నడుమ గోడ లేచింది. కింద ఇళ్లు రెండయ్యాయి గాని పైన మిద్దె ఒక్కటే. తరువాత నరసింహులు బండల ఫ్యాక్టరీలో దుమ్ము మింగి మింగి మంచాన పడ్డాడు. ఇక తట్ట ఎత్తలేడు. ఓబయ్య మాత్రం ఏటేటా చౌడు పోస్తూనే ఉన్నాడు, సరిగ్గా కింద గోడ ఉన్నంత దాకా. అతని వైపు జానెడు ఎత్తు లేచింది.

ఊరి బయట గుట్ట కింద మఠంలో ఉండే కంబగిరి తాతకు ఓబయ్య శిష్యుడు. అమావాస్య అన్నదానంలో వడ్డించేది అతనే. నలుగురూ చూసేలా వడ్డించేవాడు కూడా.

చివరకు తాతనే అడిగాడు. చూడకుండా ఎట్ల చెప్పేదని తాత కర్ర పట్టుకుని బయలుదేరాడు. వణికే మోకాళ్లతో నిచ్చెన ఎక్కాడు. గురువు తన మిద్దె ఎక్కాడన్న సంబరంతో, ఎవరైనా చూస్తున్నారేమోనని ఓబయ్య వీధిలోకి తొంగి చూశాడు.

తాత బిందెడు నీళ్లు తెప్పించి, ఓబయ్య వైపు మిద్దె మీద వంచాడు.

"చూస్తివా స్వామీ, చుక్క ఇంకలే" అన్నాడు ఓబయ్య.

నిజమే. నీళ్లు తళతళలాడుతూ జారి, ఆ జానెడూ దిగి, అన్న వైపు నెర్రెల్లో మాయమయ్యాయి.

తాత ఖాళీ బిందె ఓబయ్య చేతికిచ్చాడు. కాసేపటికి కింద మంచం ఈడ్చిన చప్పుడైంది. తరువాత తపేలా పెట్టిన చప్పుడు, అందులో చుక్కలు పడుతున్న చప్పుడు. ఆ వెనకే దగ్గు, చాలాసేపు.

"వాననా?" నరసింహులు గొంతు.

"వాన కాదు" అంది వదిన. "నీ తమ్ముడు."

ఆ గొంతులో కోపం లేదు. కోపమైతే ఓబయ్య తట్టుకునేవాడే, ఎదురు మాట కూడా అనేవాడు. పొద్దెక్కిందనో, పాలు విరిగాయనో చెప్పినట్టు చెప్పింది ఆవిడ.

అతను బిందె పక్కన పెట్టి, తాత దిగడానికి నిచ్చెన పట్టుకున్నాడు.

తాత నిచ్చెన దిగుతూ, అతని ముఖం చూడకుండా అన్నాడు:

"నీ ఇష్టమొచ్చింది పరుచుకో నాయనా. నీ ఇల్లు కారదు."