కేసరి గారి సంచి

సూరపరాజుకి ఒక జబ్బు ఉండేది. తనకు అర్థం కానిదల్లా గొప్పదనుకునేవాడు. రాజుకే జబ్బు చేస్తే చెప్పేదెవరు?

కోట వెనక పేటలో ఉండే క్రైస్తవుల కోసం ఆయన రాతిగుడి కట్టించాడు. ఇరవై ఏళ్లుగా తాటాకు పాకలో వాక్యం చెబుతున్న ఉపదేశి దావీదయ్య అక్కడ ఉండనే ఉన్నాడు. ఇంతలో ఆ గుడిలో తామే వాక్యం చెబుతామంటూ పట్నం నుంచి విల్సన్ గారు దిగారు. ‘ప్రసంగ కేసరి’ అన్న బిరుదు ఆయనే తగిలించుకున్నాడని పేటలో గుసగుస.

"ఆదివారం ఇద్దరూ చెప్పండి. నెగ్గినవారిదే గుడి. ఓడినవారు ఊరు విడిచి పోవాలి" అన్నాడు రాజు.

దావీదయ్య పావుగంటలో ముగించాడు. కేసరి గారు సంచిలోంచి కాగితాల కట్ట తీసి మూడు గంటలు చదివారు. ముసలమ్మలు కునికిపాట్లు పడ్డారు. రాజుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకే పరవశించిపోయాడు.

"కేసరి గారిదే గుడి!" అన్నాడు మర్నాడు సభలో.

దావీదయ్య తల వంచుకున్నాడు. ఆ వయసులో ఎక్కడికి పోతాడు పాపం! చెబుతుంటేనే నాకు ఒళ్లు మండుతోంది.

రాజుకు తమలపాకులు చుట్టి ఇచ్చే గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"మహారాజా, కేసరి గారిని ఒక మాట అడగనా?"

"అడుగు."

"అయ్యా, నిన్న మా దావీదయ్య ఏం చెప్పాడండీ?"

కేసరి గారు పెదవి విరిచారు. "అదీ ఒక ప్రసంగమేనా? ఎవడో కాపరికి నూరు గొర్రెలట. దొడ్డికి తోలేసరికి ఒకటి తగ్గిందట. ‘పోతే పోనీ, తక్కినవి ఉన్నాయిగా’ అందట పెళ్లాం. వాడు వినలేదు. తుమ్మముళ్లు దిగుతున్నా వెతికాడు. దొరికాక తిట్టలేదు, కొట్టలేదు. ఇదిగో, ఇలా భుజాల మీద వేసుకుని..."

ఆయన చేతులు రెండూ భుజాల మీదికి వెళ్లాయి.

"దేవుడూ అంతేనట. అలిగిపోయిన మనవాళ్లను మనమూ అలాగే వెతకాలట. అంతే! ఇందులో ఏముంది?"

"ఏమీ లేదండీ. మరి తమరేం చెప్పారు?"

"నేనా? నేను..." కేసరి గారి చెయ్యి మెల్లగా సంచిలోకి పోయింది. "ఉండవయ్యా, కాగితం చూసి చెబుతాను."

గవరయ్య రాజు వైపు తిరిగాడు.

"మహారాజా, కేసరి గారి ప్రసంగం ఇంకా కేసరి గారి సంచిలోనే ఉంది. దావీదయ్యది కేసరి గారికి కూడా నోటికొచ్చేసింది!"

సభ ఘొల్లుమంది. రాజు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. గుడి తాళంచెవి దావీదయ్య చేతిలో పెట్టి, "విల్సన్ గారూ, ఇక మీరు బయల్దేరండి" అన్నాడు.

దావీదయ్య కంగారుగా అడ్డు వచ్చాడు.

"వద్దు మహారాజా! ఈయన్ని పంపేస్తే మళ్లీ నేనే వెతుక్కుంటూ పోవాలి!"

ఈసారి కేసరి గారే ముందు నవ్వారు. రాజు ఆయన్ని ఉండమని, తన వేలి ఉంగరం తీసి గవరయ్యకు తొడిగాడు.