రేపటి పేజీ

దస్తగిరికి నోటుబుక్కంటే భయం పట్టుకుంది. పామంటే భయపడేవాళ్ళు ఉంటారు, నీళ్ళంటే భయపడేవాళ్ళు ఉంటారు. రూళ్ళ పుస్తకం చూస్తే ఒళ్ళు చల్లబడే మనిషిని ఆ సముద్రపొడ్డు పల్లె అంతకుముందు ఎరగదు.

ఆ పుస్తకం హజ్రత్ ఇచ్చిందే. నెల్లూరు వైపు సర్వితోపుల్లో, సరుగుడు చెట్ల నీడన, చేపలు పట్టేవాళ్ళ పల్లెకి కూతవేటు దూరంలో ఆయన కుటీరం. పల్లెవాళ్ళు ఆయన్ని పీరుసాయిబు అనేవాళ్ళు, శిష్యులు హజ్రత్ అనేవాళ్ళు. ఏ మతంవాళ్ళొచ్చినా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చెప్పిందంతా వినేవారు. తను మాత్రం పొదుపుగా మాట్లాడేవారు.

తన దగ్గర చేరినవాళ్ళకి ఆయన పెట్టే నియమం ఒక్కటే. రోజూ పొద్దుగూకే వేళకి, రేపు చేయాల్సిన పనులు మూడు రాసుకోవాలి. మర్నాడు సాయంత్రం వాటి కింద ‘అయింది’ అనో, ‘కాలేదు’ అనో రాయాలి. నెలలో ఆఖరి గురువారం ఫాతెహా ప్రార్థనకి వచ్చినవాళ్ళందరి ముందూ ఆ పేజీలు పైకి చదవాలి.

“కాలేదని రాయడానికి సిగ్గుపడకు. ఖాళీగా వదిలితే మాత్రం ఇంటికెళ్ళిపో” అని మొదటిరోజే చెప్పారు.

ఇంటికెళ్ళడం దస్తగిరికి తల తీసేసినట్టే. కడప దగ్గర పరుపులు కుట్టే కుటుంబం వాళ్ళది. ఇరవయ్యారేళ్ళొచ్చేసరికి అతను టైలరింగు మొదలెట్టి మానేశాడు, డ్రైవింగు మొదలెట్టి మానేశాడు, పెళ్ళిచూపులకి వెళ్ళి సగంలో లేచొచ్చాడు. పీరు దగ్గరికి పోతానన్నప్పుడు వాళ్ళ నాన్న దూది ఏకుతూ, తలెత్తకుండానే, “ఎన్నాళ్ళు?” అని అడిగాడు. ఆ మాట గుండెలో ముల్లులా దిగింది.

మొదటివారం పుస్తకం వెలిగిపోయింది. ఆరంభశూరత్వంలో మనవాణ్ణి కొట్టేవాడు లేడు. తెల్లవారకముందే లేవాలి: అయింది. పల్లెలో ముసలివాళ్ళకి నీళ్ళు మొయ్యాలి: అయింది. కోపం తెచ్చుకోకూడదు: అయింది. రాసుకుని తనే రెండుసార్లు చదువుకునేవాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం కునుకు పట్టి రాయలేదు. రేపు రెండు రోజులవీ కలిపి రాద్దాంలే అనుకున్నాడు. మర్నాడు రెండు ఖాళీ పేజీలు చూడగానే మనసు చచ్చిపోయింది. మూడోరోజు పుస్తకం తెరవలేదు. పనులు చేస్తూనే ఉన్నాడు, నీళ్ళు మోస్తూనే ఉన్నాడు, కానీ పుస్తకం కనిపిస్తే పక్కకి తిరిగేవాడు. తీసుకెళ్ళి చాప కింద పెట్టాడు. పడుకుంటే వీపుకి గుచ్చుకుంటోందని తవుడు డబ్బాలో దాచాడు. ఎక్కడ దాచినా అది తనవైపే చూస్తున్నట్టుండేది. అట్లా పందొమ్మిది రోజులు గడిచాయి.

ఆఖరి గురువారానికి ముందురోజు, హజ్రత్ ఊళ్ళో ఎవరినో చూడ్డానికి వెళ్ళినప్పుడు, దస్తగిరి సర్వితోపులో కూర్చుని పందొమ్మిది పేజీలూ ఒక్కపూటలో నింపేశాడు. ఏ రోజు ఏం చేశాడో గుర్తు తెచ్చుకుని, దాన్నే ముందురోజు అనుకున్నట్టు రాశాడు. అనుమానం రాకుండా అక్కడక్కడా ‘కాలేదు’ కూడా పడేశాడు. దొంగకి తెలివి ఎక్కువ. కానీ జరిగిపోయిందాన్ని రాసేవాడి చెయ్యి, తెలియకుండానే, అవసరానికి మించి రాస్తుంది.

గురువారం సాయంత్రం చదవడం మొదలెట్టాడు. “సోమవారం పనులు. ఒకటి, మధ్యాహ్నం వాన పడకముందే ఎండుచేపలు ఎత్తడానికి సాయం పోవాలి. అయింది.”

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ సోమవారం వాన ఎవరూ అనుకోని వాన. ఇసుకలో ఆరబెట్టిన చేపలన్నీ సగం తడిసిపోయాయి.

“శుక్రవారం. లక్షుమ్మవ్వకి కాలు బెణికింది కాబట్టి ఆమె నీళ్ళు మొయ్యాలి. అయింది.”

“ఆగాగు” అంది లక్షుమ్మవ్వ. “నా కాలు బెణికింది శుక్రవారం పొద్దున గదా. గురువారం సాయంత్రానికే నీకెట్టా తెలిసినాది?”

అప్పుడైనా చెప్పేసి ఉండాల్సింది. తలొంచుకున్నాడు. జనం దాన్ని వినయం అనుకున్నారు. ఎవరో వెనకనుంచి చేతులెత్తి దండం కూడా పెట్టారు.

హజ్రత్ మాత్రం, “దస్తగిరీ, దీపం కొడిగడుతోంది, వత్తి ఎగదొయ్యి” అన్నారంతే.

ఇంతకుముందు ఖాళీ పేజీలంటే భయం. ఇప్పుడు రాసిన పేజీలంటే భయం. పల్లెలో నడుస్తుంటే ఆడవాళ్ళు కొంగు సర్దుకుని పక్కకి తప్పుకుంటున్నారు. ఒకామె కూతురి కాన్పు ఎప్పుడో రాయమంది. ఒకాయన తప్పిపోయిన గేదె కోసం రాయమన్నాడు. తలనొప్పనీ, నమాజు వేళనీ చెప్పి తప్పించుకు తిరిగాడు. అసలు సంగతి బయటపడితే హజ్రత్ పంపేస్తారు, పంపేస్తే నాన్న మొహం చూడాలి. ఇక పుస్తకం డబ్బాలోంచి బయటికి రాలేదు.

పదిరోజుల తర్వాత వాయుగుండం పట్టింది. రేవులో ప్రమాద జెండా ఎగరేశారు. పడవలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. పీతల వలలు ఎత్తుకొస్తానని ఒంటరిగా చెక్క నావ మీద పోయిన కాటయ్య మాత్రం రాలేదు. ఒకరోజు గడిచింది, రెండోరోజూ గడిచింది. గాలి తగ్గింది గాని వాన తగ్గలేదు.

రెండోరోజు మధ్యాహ్నం దాటాక కాటయ్య భార్య పోలమ్మ కుటీరానికి వచ్చింది. ఒళ్ళంతా తడిసి ఉంది. వెనక లక్షుమ్మవ్వ, ఇంకో పదిమంది. పోలమ్మ అంతవరకూ ఎవరినీ ఏమీ అడిగిన మనిషి కాదు.

“బుక్కు తియ్యి నాయనా” అంది దస్తగిరితో.

“ఏ బుక్కమ్మా?”

“నువ్వు రాసింది రాసినట్టు జరుగుతాదంట గదా. రేపటి పేజీలో రాయి. కాటయ్య నావ ఒడ్డుకొచ్చిందని రాయి.”

దస్తగిరి హజ్రత్ వైపు చూశాడు. ఈ గండం ఆయన గట్టెక్కిస్తారనుకున్నాడు.

హజ్రత్ లేచి లోపలికి వెళ్ళారు. తిన్నగా తవుడు డబ్బా దగ్గరికి వెళ్ళి మూత తీసి, నోటుబుక్కు బయటికి తీశారు. అంటుకున్న తవుడు కండువాతో దులిపారు. రేపటి పనులకి ఖాళీ పేజీ తెరిచి దస్తగిరి ఒళ్ళో పెట్టారు. పెన్ను మూత తీసి చేతికిచ్చారు. వెళ్ళి తన చోట తను కూర్చున్నారు.

ఆయనకి మొదటినుంచీ తెలుసని దస్తగిరికి అప్పుడర్థమైంది.

“అమ్మా” అన్నాడు. “నేను ఏదీ ముందు రాయలేదు. పందొమ్మిది రోజులు ఖాళీగా వదిలేసి, అన్నీ అయిపోయినాక ఒక్కపూటలో రాసినా. వాన పడినాక వాన రాసినా. అవ్వకి కాలు బెణికినాక అది రాసినా. నాకేమీ తెలీదు. ఇంటికి పంపిస్తారని భయపడి అబద్ధం చేసినా.”

“వారినీ!” అంది లక్షుమ్మవ్వ. ఎవరో ఛీ అన్నారు. దండం పెట్టినాయన కూడా ఆ గుంపులోనే ఉన్నాడు, అందరికన్నా గట్టిగా తిట్టింది ఆయనే.

పోలమ్మ కదల్లేదు.

“అబద్ధమే రాయి” అంది.

“అమ్మా...”

“నిజం చెప్పేవోళ్ళు నాకెవురూ దొరకలా. రేడియోలో చెప్పలా. ఆఫీసోళ్ళు చెప్పలా. రెండు దినాలుగా కన్ను మూత పడలా. నువ్వు అబద్ధమే రాయి. అది ఇని నేను ఇంటికి పోతా.”

పెన్ను కాగితానికి ఆనింది. ఒక్క ముక్క రాస్తే చాలు. ఆమె ఇంటికి పోతుంది, కాసేపు నిద్రపోతుంది. పందొమ్మిది రోజుల అబద్ధం రాసినవాడికి ఇంకో ముక్క లెక్కా? కానీ రేపు తెల్లవారుతుంది. ఆ రాత ఆమె నమ్ముతుంది. నమ్మి ఒడ్డుకి పరిగెత్తుతుంది. దస్తగిరి పెన్ను పైకెత్తాడు. సముద్రం కన్నా ఆ తెల్ల కాగితం లోతుగా కనిపించింది.

“ఏం రాయను హజ్రత్?” అన్నాడు. ఏడుపు ఆగలేదు.

“పుస్తకం నీది” అన్నారాయన. “రేపు నువ్వేం చేస్తావు?”

కప్పు మీద వాన చప్పుడు. చాలాసేపటికి దస్తగిరి రెండు ముక్కలు రాశాడు.

“ఏం రాసినావు?” అంది పోలమ్మ.

“ఒకటి, రేవుకి పోవాలి. రెండు, పోలమ్మ పక్కన కూర్చోవాలి.”

ఆమె ఆలోచించింది. “ఎంతసేపు?”

ఇంతవరకూ అతను మొదలెట్టినవాటిలో దేనికీ ఆ ప్రశ్నకి జవాబు ఉండలేదు. మూడోది రాసి చదివాడు.

“కాటయ్య సంగతి తేలేదాకా లేవకూడదు.”

పోలమ్మ లేచి వెళ్ళిపోయింది. ఇంటికి పోలేదు, రేవుకే పోయింది.

మర్నాడు దస్తగిరి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. అబద్ధం రాయడమే నయమనిపించింది. ఆమె మాట్లాడదు, ఏడవదు, నీళ్ళకేసి చూస్తుంది. ప్రతి అల ఏదో తెస్తున్నట్టే ఉంటుంది. మధ్యాహ్నానికి ఇక తట్టుకోలేక లేచి సర్వితోపులోకి పారిపోయాడు. అక్కడ చెట్టుకి ఆనుకుని కూర్చుంటే ఇంకా భయం వేసింది. తిరిగొచ్చాడు. ఎక్కడికి పోయావని ఆమె అడగలేదు.

సాయంత్రం రాశాడు. అయింది. అయింది. మూడోదాని కింద: కాలేదు, మధ్యాహ్నం పారిపోయినా, మళ్ళీ వచ్చినా.

దాని పక్క పేజీలో అవే మూడు పనులు మళ్ళీ రాశాడు. ఆ మర్నాడూ అవే. వాన వెలిసింది. మిగతా పడవలు వేటకి పోవడం మొదలెట్టాయి. లక్షుమ్మవ్వ కుంటుకుంటూ వచ్చి ఇద్దరికీ గంజి ఇచ్చి, దస్తగిరిని మాత్రం ఒక తిట్టు తిట్టి పోయేది. పుస్తకం డబ్బాలో పెట్టడానికి అతనికి తీరిక దొరకలేదు, సంచీలోనే ఉండేది.

ఆరోరోజు పోలమ్మ బిందె తీసుకుని మంచినీళ్ళకి బావి దగ్గరికి వెళ్ళింది. అప్పుడు చూశాడు దస్తగిరి. అలల్లో ఒక చెక్క. నీలం రంగు మీద పసుపు చార. కిందటి ఏడు కాటయ్య నావకి ఆ రంగులు వేసింది పోలమ్మేనని పల్లెలో అందరికీ తెలుసు.

మోకాళ్ళ లోతుకి దిగి పట్టుకున్నాడు. చెక్క విరిగిన చోట తెల్లగా ఉంది. ఆమె ఇంకా బావి దగ్గరే ఉంది, ఇటు చూడలేదు. ఒక్క తోపు తోస్తే అల లాక్కుపోతుంది. ఆమె ఇంకో వారమో, ఇంకో నెలో ఎదురుచూస్తూ ఉంటుంది. ఎదురుచూస్తున్నంతకాలం కాటయ్య ఉన్నట్టే. అట్లా చేతులు రెండూ చెక్క మీద ఆనించి, నీళ్ళలో నిలబడిపోయాడు.

తర్వాత దాన్ని ఒడ్డుకి లాగాడు. ఇసుకలో ఈడ్చుకుంటూ బావి దాకా తీసుకెళ్ళాడు.

పోలమ్మ బిందె కింద పెట్టింది. పసుపు చార మీద అరచెయ్యి పెట్టి, ఒకసారి చివరిదాకా తడిమింది. ఆ తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపుకి పల్లె పల్లెంతా కదిలొచ్చింది. దస్తగిరి కూడా ఏడ్చాడు. కానీ ఆమె పక్కనుంచి లేవలేదు.

పొద్దు వాలేవేళకి హజ్రత్ వచ్చారు. ఆడవాళ్ళు కొంచెం దూరంగా కూర్చుని ఉన్నారు. పోలమ్మ ఆ చెక్క పక్కనే ఉంది. దస్తగిరి పుస్తకం తీసి మూడు పనుల కిందా ‘అయింది’ అని రాశాడు. సంగతి తేలింది, రాసిందంతా అయింది. పేజీ తిప్పాడు. రేపటిది తెల్లగా ఉంది.

“రేపటికి ఏం రాయను హజ్రత్?” అన్నాడు మెల్లగా.

ఆయన జవాబు చెప్పేలోపే పోలమ్మ, తలెత్తకుండా, “రేపు గూడా రా నాయనా” అంది.

దస్తగిరి అది రాసుకున్నాడు. రెండోది ఆలోచించాడు, తట్టలేదు. మూడోదీ తట్టలేదు.

“ఒకటే పనుంది హజ్రత్.”

“చేసి చూడు” అంటూ ఆయన కూడా తడి ఇసుకలో, ఆమెకి రెండోవైపున కూర్చున్నారు.