భ్రమరాంబ ఏడుసార్లు కాదన్నది

"మేడమ్, నేను లాగిన్ కాకుండానే నా ఫోన్‌లో 'లాగిన్ అవుతున్నది మీరేనా?' అని ప్రశ్న వచ్చింది. కాదు అని నొక్కేశాను. అంతటితో నా బాధ్యత తీరినట్టే కదా? మళ్ళీ మీకు చెప్పడం దేనికి?"

అడిగింది ఇందీవర. ఆసుపత్రుల్లో కంప్యూటర్ల భద్రత చూసే పని నేర్చుకోవడానికి హైమవతి గారి దగ్గర చేరి నెల కూడా కాలేదు. హైమవతి గారికి వాదించే అలవాటు లేదు. ఎవరేమడిగినా, తాను కళ్ళారా చూసిందేదో ఒకటి చెప్పేవారు. ఆ రోజు, ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న మా అందరి ముందూ చెప్పింది ఇది.

ఆవిడ అంతకుముందు పనిచేసిన ఆసుపత్రి రక్తనిధిలో భ్రమరాంబ అని ఒక టెక్నీషియన్ ఉండేది. పద్దెనిమిదేళ్ళలో ఒక్క రక్తపు సంచి మీద కూడా తప్పు చీటీ అంటించి ఎరగదు. ఒకనాడు పొద్దున పదకొండు గంటలకు రక్తం సరిచూస్తుంటే ఆమె ఫోన్ మోగింది. 'లాగిన్ అవుతున్నది మీరేనా? అవును, కాదు.' ఎవరైనా ఆమె పాస్‌వర్డ్ సరిగ్గా కొడితేనే ఆ ప్రశ్న వస్తుంది. ఆమె కంప్యూటర్ ముట్టుకోనైనా లేదు. కాదు అని నొక్కింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కాదంది. అలా ఏడుసార్లు. తర్వాత ఆగిపోయింది. పీడ వదిలిందనుకుని పనిలో పడింది. ఎవరికీ చెప్పలేదు.

పక్క బల్ల దగ్గర పనిచేసే సామ్యేలుకు మధ్యాహ్నం అదే ప్రశ్న మొదలైంది. కిందటి వారం ఆసుపత్రి పేరుతో వచ్చిన దొంగ మెయిల్‌లో ఇద్దరూ పాస్‌వర్డ్ కొట్టారని అప్పటికి వాళ్ళకు తెలియదు. అతను ఒక దాత చేతికి సూది గుచ్చి ఉన్నాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. అంతలో ఎవరో ఫోన్ చేసి, "కంప్యూటర్ విభాగం నుంచండీ. చిన్న పరీక్ష. ఒక్కసారి అవును నొక్కండి, ఆగిపోతుంది" అన్నారు. నొక్కాడు. నిజంగానే ఆగిపోయింది.

ఆ అవునుతో లోపలికి చొరబడ్డవాళ్ళ వల్ల నాలుగింటికి ఆసుపత్రి కంప్యూటర్ల తెరలన్నీ ఒకేసారి నల్లబడ్డాయి. అదే సమయంలో ప్రసూతి వార్డు నుంచి కబురు. వరలక్ష్మమ్మ అనే ఆమెకు కాన్పయి రక్తం ఆగడంలేదు. ఆమెది బాంబే గ్రూపు, వేలల్లో ఒకరికి ఉండేది; అదే గ్రూపు రక్తం తప్ప వేరేది ఎక్కించకూడదు. ముందే తెలుసు గనుక ఊళ్ళో ఆ రక్తం ఉన్న ముగ్గురి వివరాలూ సిద్ధంగానే ఉంచారు. ఉంచింది కంప్యూటర్‌లో.

సామ్యేలు భ్రమరాంబ దగ్గరికి వచ్చాడు. "అక్కా, ఇందాక నేనొకటి నొక్కాను" అని జరిగింది చెప్పాడు.

"నాకూ వచ్చిందిరా" అంది భ్రమరాంబ. "ఏడుసార్లు కాదన్నాను."

"ఎప్పుడు?"

"పదకొండింటికి."

అతను ఆమె వైపు చూశాడు. "నాకు రెండింటికి వచ్చిందక్కా."

మధ్యలో మూడు గంటలు, అందరి పాస్‌వర్డ్‌లూ మార్పించడానికి చాలినంత. భ్రమరాంబ చేతి తొడుగులైనా తీయకుండా బయటికి పరుగెత్తింది. ఆ ముగ్గురిలో ఒకాయన రైల్వే గేటు అవతల పేము కుర్చీలు అల్లుతాడని ఎప్పుడో మాటల్లో విన్నది గుర్తొచ్చింది. పేరు మస్తాన్‌వలి. ఆటో ఎక్కి, గేటు పడి ఉంటే దిగి, పట్టాలు దాటి, దుకాణం దుకాణంలో అడుగుతూ పోయింది. ఆయన సగం అల్లిన కుర్చీ వదిలేసి, వేళ్ళకు పేము ఈనెలు గుచ్చుకుని ఉండగానే వెంట వచ్చాడు.

వరలక్ష్మమ్మ బతికింది. డాక్టర్లు ఆమె గర్భసంచి తీసేయవలసి వచ్చింది. రక్తం ఇంకో గంట ముందు అంది ఉంటే అక్కర్లేకపోయేదని వాళ్ళే అన్నారు.

సూపరింటెండెంట్ గారు వచ్చి, ప్రాణం నిలబెట్టావమ్మా అని భ్రమరాంబను మెచ్చుకోబోయారు. ఆమె రెండు చేతులూ జోడించి, "నన్నేమీ అనకండి సార్, మంచి మాట అసలే అనకండి" అని గోడకు ఆనుకుని కూలబడిపోయింది.

హైమవతి గారు అక్కడ ఆపారు. ఇందీవరే చిన్న గొంతుతో అడిగింది. "కానీ మేడమ్, ఆవిడ కాదనే కదా నొక్కింది? ఆవిడ తప్పేముంది?"

"తప్పని నేననలేదమ్మా" అన్నారు హైమవతి గారు. "ఆ పూట కంప్యూటర్ గదిలో, ఇలాంటివి చెప్పడానికని పెట్టిన ఫోన్ పక్కన కూర్చున్నది నేనే. పొద్దుటినుంచీ అది ఒక్కసారి కూడా మోగలేదు."