మందను పిలిచే పాట

అనగనగా ఒక అడివి అంచున బీరమ్మ అని ఒక గొల్లామె ఉండేది. ఆమెకు నలభై ఆవులు. ఒక్కదాని మెడకూ తాడు లేదు. పొద్దు వాలగానే దొడ్డి తలుపు తీసి, అక్కడే నిలబడి పాడేది.

ఎండ దిగిందే, ఇంటికి రావే,
మేసింది చాలే, మెల్లగ రావే,
పిలిచిన చోటే నిలిచున్నానే.

అంతే. ఎక్కడి ఆవులు అక్కడే మేత వదిలేసి వచ్చేవి. ముందు బొల్లావు, దాని వెనక దాని కూతురు, ఆ వెనక మంద. బీరమ్మ ప్రతిదాని నుదుటి మీదా చెయ్యి వేసి లోపలికి పంపేది.

ఆ పాటకు ఒక కట్టుబాటు ఉంది తల్లీ. దొడ్డి దగ్గర నిలబడే పాడాలి. పిలిచి, అక్కడ లేకుండా పోకూడదు. బీరమ్మకు అత్త అట్లాగే నేర్పింది. అత్తకు ఆమె అత్త.

ఇట్లా ఉండగా, పట్నం వాళ్ళకు పశువుల కాపరుల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. 'మందల సంబరం' చేద్దామనుకున్నారు. అప్పుడు బొమ్మలు వేసే ఆయన వచ్చాడు. గోడంత గుడ్డ మీద బీరమ్మనూ ఆవులనూ గీశాడు.

"నేనెప్పుడయ్యా ఇంత తెల్లగున్నా? నా ఆవులు ఎండాకాలంలో కూడా ఇట్లా బలిసి ఉంటాయా?" అని బీరమ్మ నవ్వింది.

ఆ తర్వాత పాటలు రాసుకునే ఆమె వచ్చింది. మేపేటప్పటి పాట, నీళ్ళకు తోలే పాట, దూడ పుట్టినప్పటి పాట, అడిగినవన్నీ బీరమ్మ పాడింది.

మూడోసారి ఇద్దరూ కలిసి, ఒక చిన్న పెట్టె పట్టుకుని వచ్చారు.

"మందను పిలిచే పాట పట్నంలో పాడాలి పెద్దమ్మా."

"పాడను. నా దొడ్డి పట్నంలో ఉందా?"

"పోనీ ఇక్కడే పాడు. ఈ పెట్టెలో పట్టుకుపోతాం."

బీరమ్మ ఆలోచించింది. దొడ్డి దగ్గరే కదా. పొద్దు వాలే వేళే కదా. పాడింది. ఆవులు వచ్చాయి. నుదుళ్ళు తడిమింది. కట్టుబాటు తప్పలేదనుకుంది. తను లేనిచోట తన గొంతు ఉంటుందని ఆమెకు తోచనే లేదు.

సంబరం రోజు మందను తమ్ముడు సిద్ధయ్యకు అప్పగించి పట్నం పోయింది. అడివికీ పట్నానికీ నడుమ పెద్ద సిమెంటు కాలువ. ఆ రోజు నిండుగా పారుతోంది. ఊరంతా వినబడాలని దాని పట్నం వైపు గట్టు పొడుగునా మైకులు కట్టారు.

మిట్టమధ్యాహ్నం బీరమ్మను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. అప్పుడు మైకుల్లో పాట మొదలైంది. నడినెత్తిన ఎండ ఉండగా, 'ఎండ దిగిందే' అని. ఆమె గొంతే.

"ఆపండయ్యా! అవి వచ్చేస్తాయి!" అని అరిచింది. అదీ సంబరమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

బీరమ్మ కాలువ గట్టుకు పరుగెత్తింది. మంద అప్పటికే అవతలి గట్టుకు వచ్చేసింది. వంతెన ఎక్కడో ఎగువన ఉంది. గొంతేమో ఎదురుగా పిలుస్తోంది. ముందు బొల్లావు దూకింది. అప్పుడు దాని కూతురు. ఆ తర్వాత మంద. సిమెంటు గోడకు గిట్ట నిలవదు తల్లీ. ఎక్కలేకపోయాయి.

అవతలి గట్టు మీద సిద్ధయ్య నిలువునా తడిసి ఉన్నాడు. "అడ్డం పడ్డానక్కా! నువ్వు పిలుస్తుంటే నా మాట వింటాయా?"

మైకులు ఇంకా పాడుతూనే ఉన్నాయి, పిలిచిన చోటే నిలిచున్నానే అని.

నలభైలో తొమ్మిది మిగిలాయి. నీళ్ళకు బెదిరి ఆగిపోయినవి. పట్నం వాళ్ళు వచ్చి తలలు వంచుకుని నిలబడ్డారు. "ఘోరం జరిగింది పెద్దమ్మా. పాట మాత్రం అందరికీ ఎంతో నచ్చింది" అన్నారు.

ఆ సాయంత్రం బీరమ్మ దొడ్డి తలుపు తీసి పాడింది. తొమ్మిదీ తలలెత్తి చూశాయి. ఒక్కటీ కదల్లేదు. రెండోసారి పాడింది. మూడోసారి గొంతు చీలిపోయేలా పాడింది. అవి తలలు దించుకుని మేస్తూ ఉండిపోయాయి.

అప్పుడు బీరమ్మ ఒక కర్ర విరుచుకుని వెళ్ళింది. ఒక్కోదాన్నీ కొట్టి తోలుకొచ్చింది.

కాలువ నీళ్ళు మళ్ళకు పోయె,
కాసిన గడ్డి ఎండకు పోయె,
మన కథ కంచి దారిన పోయె,
మనమింట ఉన్నాం, నిదరేమాయె?